మా అక్క చెంపకు సరిపోయే తుపాకి

మా అక్క కరుణను మట్టి చేసిన తరువాత లక్సెట్టిపేటలో ఆదరణ కూడిక పెట్టారు. షామియానా కింద కుర్చీలు వేశారు, ముందర బల్ల మీద అక్క ఫోటో పెట్టి దండ వేశారు. ఒక్కొక్కరే లేచి మైకు పట్టుకున్నారు. అంగన్‌వాడీ పిల్లలను కన్నబిడ్డల్లా చూసుకుందన్నారు. ఆమె పెట్టిన మామిడికాయ తొక్కు రుచి ఇంకెవరి చేతికీ రాదన్నారు. పెనిమిటి మస్కట్‌లో ఉంటే ఒక్కతే ఇద్దరు పిల్లలను ఒడ్డెక్కించిందన్నారు. అన్నీ నిజాలే, నేను కాదనను. కానీ వింటూ ఉంటే నాకు ఒళ్లు మండింది. ఒక్కరంటే ఒక్కరు ఆమె తుపాకి కాల్చేదని అనలేదు. వాళ్లకు తెలిస్తే కదా అనడానికి! చివరికి మైకు నా చేతికి వచ్చింది. లేచాను. "మా అక్క నాకన్న మంచిగ కాలుస్తుండె" అని ఒక్క మాట అని కూలబడ్డాను. జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. దుఃఖంలో ముసలిది ఏదో అంటున్నది అనుకుని ఉంటారు. ఆ ఒక్క మాట చాలదు కనుకనే ఇది రాస్తున్నాను.

నేను ఎవరినో కూడా చెప్పాలి కదా. నా పేరు సుగుణ. గురి చూసి కాల్చే పోటీల్లో చాలా ఏళ్లు ఆడాను, పతకాలు తెచ్చాను, ఆ ఆటల కోటాలోనే ఉద్యోగం చేశాను. ఉద్యోగం అయిపోయిన తరువాత కరీంనగర్‌లో ఇంటి వెనక రేకుల షెడ్డు వేసుకుని, పోటీలకు పోయే పిల్లలకు వాళ్ల ఒళ్లు కొలిచి గాలి తుపాకులు రూపు కడుతున్నాను. గొట్టం, దాని మీద గురి చూసే కాయ ఎక్కడివైనా కావచ్చు. భుజానికి ఆనే చెక్క, చెంప ఆనే చెక్క మాత్రం ఎవరి ఒంటికి వాళ్లదే ఉండాలి. ఈ చెక్క భాగాన్ని మా బాపు 'కుందా' అనేవాడు, నేనూ అదే అంటాను. పేపరు వాళ్లు వచ్చినప్పుడు "మేడం, మీకు స్ఫూర్తి ఎవరు?" అని అడుగుతారు. మా అక్క అంటే రాసుకుంటారు గాని, అదేదో మర్యాదకు అన్న మాట అనుకుంటారు. మర్యాదలు నాకు చేతకావని వాళ్లకు తెలియదు.

మా బాపు మిషన్ కాంపౌండులో వడ్రంగి. బడి బల్లలు, ప్రార్థన గుడి కిటికీలు, ఆసుపత్రి మంచాలు అన్నీ ఆయన చేతివే. కుర్రతనంలో నిర్మల్ వెళ్లి బొమ్మలు చేసేవాళ్ల దగ్గర కొన్నాళ్లు ఉండి పని నేర్చుకున్నాడు. అందుకే మా ఇంట్లో ఏ చిన్న పీట చేసినా దాని అంచుకు ఒక వంపు ఉండేది. తెల్లవారకముందే ఆయన చెక్కకు రందా పట్టి నునుపు చేసే చప్పుడుకు మాకు మెలకువ వచ్చేది. టేకు పొట్టు వాసన, దాని వెనకే మా అమ్మ, మేము అవ్వ అనేవాళ్లం, కాల్చే జొన్నరొట్టెల వాసన. అవ్వ రొట్టె తిప్పుతూనే పాట ఎత్తుకునేది. మేము కళ్లు నులుముకుంటూ ప్రార్థనకు కూర్చునేవాళ్లం. బాపు ప్రార్థన చాలా చిన్నది, అవ్వది చాలా పెద్దది. అవ్వ లోకంలో ఉన్న రోగులందరి పేర్లూ చెప్పుకుంటూ పోతుంటే రొట్టె మాడేది. "దేవుడు ఇన్నడు గాని, రొట్టె సూడు జర" అనేవాడు బాపు కళ్లు తెరవకుండానే. అక్కా నేనూ నవ్వు ఆపుకోలేక ఒకరి భుజం ఒకరం గిల్లుకునేవాళ్లం.

ఆ ఇంట్లో ఇంకో వాసన ఉండేది. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి, పొయ్యి మీద ఉడికిస్తే వచ్చే జిగురు వాసన. ఆ జిగురులో రంపపు పొట్టు కలిపి పిసికితే రొట్టెపిండి లాంటి ముద్ద వస్తుంది. నిర్మల్ బొమ్మలకు ముక్కులు, చెవులు, తొండాలు దానితోనే అతికిస్తారు. బాపు దాన్ని అన్నిటికీ వాడేవాడు. కుర్చీకి పగులు వచ్చినా ఆ ముద్దే, మా పలక చట్రం ఊడినా ఆ ముద్దే. ఎండితే రాయి అయ్యేది. మెత్తగా ఉన్నప్పుడు దాని మీద ఏది ఆనితే దాని అచ్చు ఉన్నదున్నట్టు నిలిచేది.

మా అక్కది పుర్రచెయ్యి వాటం. పుట్టుకతోనే అంతే. బువ్వ ముద్ద ఎత్తినా ఎడమ చేత్తోనే, బలపం పట్టినా ఎడమ చేత్తోనే. అవ్వకు అది చూస్తే ప్రాణం పోయేది. అందరిళ్లలోనూ ఎడమ చెయ్యి వద్దనేవాళ్లే, కానీ మా అవ్వకు ఇంకో భయం కూడా ఉండేది. కడపటి దినాన గొర్రెలు కుడి పక్కన, మేకలు ఎడమ పక్కన నిలబడతాయని గుడిలో విన్నది. గొర్రెలది పరలోకం, మేకలది నరకం. చదువు రాని మనిషి, విన్నది విన్నట్టు గుండెలో పెట్టుకుంది. బిడ్డ ఎడమ చెయ్యి ఎత్తినప్పుడల్లా ఆమెకు మేకల మంద కనిపించేదేమో. పాత చీర పేలిక చింపి, బువ్వ తినేటప్పుడు అక్క ఎడమ చేతిని నడుముకు కట్టేసేది. "నీ మంచికే బిడ్డా. మేకలల్ల కలుస్తవానే?" అనేది. కట్టేటప్పుడు అవ్వ కళ్లలో నీళ్లు తిరిగేవి, అది కూడా రాయాలి. అక్క ఏడ్చి ఏడ్చి మొత్తానికి కుడి చేతికి అలవాటు పడింది. ఆమె గుండ్రటి దస్తూరీ చూసి బడిలో పంతులమ్మలు మెచ్చుకున్నారు. ఇంకేముంది, మారిపోయిందని అందరూ సంతోషించారు. చెయ్యి మారింది నిజమే.

ఒక పెద్ద దొరసాని తన దేశానికి తిరిగి పోతూ పోతూ, తోటలో మామిడికాయలు కొరికే చిలకలను బెదిరించే ఛర్రల తుపాకిని బాపుకు ఇచ్చిపోయింది. చిన్న సీసపు గుండ్లు వేసి, గొట్టం వంచి గాలి నింపి కాల్చాలి. బాపుకు పిట్టను కొట్టడానికి చెయ్యి రాలేదు. గోడకు అట్టముక్క ఆనించి, దాని మీద బొగ్గుతో చుక్క పెట్టి మమ్మల్ని కాల్చమనేవాడు. అప్పుడు చూడాలి మా అక్కను! తుపాకి కుడి భుజానికే ఆనించేది, వేలు కుడిదే, కానీ తల మొత్తం చెక్క మీదుగా అటువైపుకు వాల్చేసేది. మెడ కొంగ మెడలా వంకర పోయేది. చూడడానికి నవ్వు వచ్చేది గాని, గుండు మాత్రం చుక్క మీదనే పడేది. నేను సక్కగా నిలబడి, చెంప ఆనించి, ఊపిరి బిగబట్టి కాల్చినా ఆమె దరిదాపుకు వచ్చేదాన్ని కాదు. "ఎట్ల కొడుతున్నవే అక్కా?" అంటే, "ఏమో, కనవడతది, కొడుత" అనేది. అంతకు మించి ఆమెకూ తెలియదు.

బడిలో ఎన్.సి.సి. ఉండేది. అందులో గుండు తుపాకులు కాల్పించేవారు. ఒక ఏడు కరీంనగర్‌లో ఎంపికలు పెట్టి, మా వైపు ఆడపిల్లల్లో ఒక్కరినే హైదరాబాదు పోటీలకు పంపుతామన్నారు. మిషన్ కాంపౌండు అంతా అది కరుణదే అనుకున్నది. నేనూ అనుకున్నాను. అక్క నోరు తెరిచి ఏదీ అడిగే మనిషి కాదు, క్రిస్మసుకు కొత్త లంగా కూడా అడగలేదు. అట్లాంటిది ఆ రోజుల్లో నిద్రలేస్తూనే "హైదరాబాదుల పెద్ద మైదానం ఉంటదటనే" అనేది. ఆమె ఒక దానిని అంత గట్టిగా కోరుకోవడం నేను చూసింది అదొక్కసారే.

మా ఎన్.సి.సి. మేడం మాత్రం అక్క మెడ చూసి తల పట్టుకుంది. "కరుణా, మొహం సీదా పెట్టు. గట్ల వంకర పెడితే పెద్ద సార్లు ముందే తీసి పారేస్తరు" అన్నది. ఆమెదీ తప్పు కాదు, ఆమెకు నేర్పింది అంతే. అక్క ఇంటికి వచ్చి బాపుకు చెప్పింది. బాపు "ఫికర్ చెయ్యకు బిడ్డ, మెడ వంగకుంట కుందా చేస్త" అన్నాడు. మంచి టేకు ముక్క ఏరి, గుండు తుపాకి కుందా కొలతకు చెక్కి, మా ఛర్రల తుపాకికి బిగించాడు. చెంప ఆనే చోట చింతగింజల ముద్ద మెత్తాడు. "ముఖం పెట్టు. కదలకు. అచ్చు పడ్డంక దాన్ని బట్టి చెక్కుత" అన్నాడు. అక్క తుపాకి భుజానికి ఎత్తి, ఎప్పటిలాగే గురి చూసి, ముఖం ఆనించింది. తీసి చూస్తే ముద్ద మీద చెంప అచ్చు లేదు. ముక్కు అచ్చు, పెదవి కొస అచ్చు పడ్డాయి. ఇల్లంతా పకపకా నవ్వాం. "తుపాకికి ముద్దు పెడుతున్నవానే!" అన్నాను నేను. అవ్వ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. బాపు కూడా నవ్వి, "గిట్ల కాదు బిడ్డ, గీ చెంప ఆనియ్యాలె" అని బొటనవేలు తడి చేసి ఆ అచ్చు చెరిపేశాడు. రెండు చేతులతో ఆమె తల పట్టి, కుడి చెంప సరిగా ఆనేటట్టు తిప్పి, అట్లాగే పట్టుకున్నాడు. రెండో అచ్చు చక్కగా పడింది. దాని ప్రకారమే చెక్కాడు. ఎంత అందంగా ఉండేదో ఆ కుందా!

అప్పటినుంచి అక్క గురి చెడింది. ఎడమ కన్ను మూయమంటే దానితో పాటు కుడి కన్నూ మూతపడేది. కష్టపడి ఒకటి మూస్తే నీళ్లు కారేవి. "అలవాటయితది" అన్నారు అందరూ. చెయ్యి అలవాటు కాలేదా ఏం, కన్నూ అవుతుందన్నారు. ఆమె నమ్మింది. చెప్పిన మాట వినడమే కదా ఆమెకు వచ్చింది.

ఎంపిక రోజు నేల మీద చాపలు పరిచి, పక్కపక్కన పడుకోబెట్టి కాల్పించారు. ఎదురుగా గురి అట్టలు వరసగా ఉన్నాయి. అక్క చాపకు ఎడమ పక్కనే నా చాప. నేను నా అట్ట తప్ప ఏమీ చూడలేదు. కాల్చడం అయిపోయాక అట్టలు తెచ్చారు. నా అట్ట మీద నేను కాల్చినవాటికంటే ఎక్కువ చిల్లులున్నాయి. అక్క అట్ట మీద తక్కువ. "పక్క అట్టకు ఎవరు కొట్టిన్రు?" అని అడిగాడు ఆఫీసరు. అక్క పడుకున్న చోటినుంచే చెయ్యి ఎత్తి, "నేనే సార్. నా కండ్లు గుంజినయి" అన్నది. ఆట నియమం ఒకటి ఉంది. పక్కవాళ్ల గుండ్లు మన అట్ట మీద పడి, ఏది ఎవరిదో తేలకపోతే, ఉన్నవాటిలో మంచివే మనకు లెక్క కడతారు. దారి తప్పిన గుండు కాల్చినవాళ్లకు సున్న. అట్లా నా లెక్క పెరిగింది, ఆమెది పోయింది. హైదరాబాదుకు నేను ఎంపికయ్యాను. నల్ల గుండ్రం నడిమధ్యన పడ్డ ఆ చిల్లుల్లో ఏవి నావో, ఏవి మా అక్కవో నాకు ఇప్పటికీ తెలియదు.

బస్సులో అక్క నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టింది. దారి పొడుగునా ఏడవలేదు. ఇంటికి రాగానే పొయ్యి దగ్గరికి పోయి రొట్టెలు చేసింది. అవ్వ "పోనీతియ్యి బిడ్డ, చెల్లెకైన అచ్చింది గద" అంటే తల ఊపింది. తుపాకిని మళ్లీ ముట్టుకోలేదు. "నాది పాడు చెయ్యి" అని ఊరుకునేది. తరువాత పెళ్లి అయింది, పిల్లలయ్యారు, బావ మస్కట్ పోయాడు. ఆమె దినాలు వంటింట్లో, అంగన్‌వాడీలో గడిచిపోయాయి.

చాలా ఏళ్లకు ఒక శిక్షణ శిబిరంలో మా కోచ్ అందరినీ నిలబెట్టి, రెండు చేతులూ ముందుకు చాపి, అరచేతుల మధ్య చిన్న సందు చేసి, దాంట్లోంచి దూరాన ఉన్న గడియారాన్ని చూడమన్నాడు. తరువాత ఒకసారి ఒక కన్ను, ఇంకోసారి రెండో కన్ను మూసి చూడమన్నాడు. ఏ కన్ను తెరిచినప్పుడు గడియారం ఆ సందులో నిలుస్తుందో అదే మనిషి గురి కన్ను. కొందరికి కుడి, కొందరికి ఎడమ. ఎడమ కన్ను వాళ్లను కుడి భుజంతో కాల్పిస్తే తలంతా అటు వాల్చాల్సి వస్తుంది, లేకపోతే గురి పక్కకు పోతుందని చెప్పాడు. మైదానంలోనే నేల మీద కూర్చుండిపోయాను.

సెలవు దొరకగానే లక్సెట్టిపేట పోయాను. అక్క వంకాయలు కోస్తున్నది. "చేతులు కడుక్కో, ఓ పని చెప్త" అని, అరచేతుల సందులోంచి వాకిట్లో వేలాడే లాంతరు చూడమన్నాను. కుడి కన్ను మూయమన్నాను. "కనవడుతుందా?" "ఆ, కనవడుతుంది." ఎడమ కన్ను నేనే చేత్తో మూశాను. "ఏందే, లాంతరు ఎటు వాయె?" అన్నది. నేను ఏడుపు ఆపుకోలేక సంగతంతా చెప్పాను. ఆమె కత్తిపీటను పక్కకు జరిపింది. "అయితే నాకు చెయ్యి రాక కాదా?" అన్నది. "ఇన్నేండ్లు నాది పాడు చెయ్యి అనుకున్ననే." అప్పుడు ఏడ్చింది, బస్సులో ఏడవనిదంతా.

బాపుకు చెప్పకుండా ఉండాల్సింది అని ఎవరైనా అనవచ్చు. అక్కే చెప్పింది. ఆయనప్పటికి పని మానేశాడు, చేతులు వణికేవి. "ముక్కు అచ్చు పడ్డనాడే నాకు ఎరుక గావాలె" అన్నాడు. "గా ముద్ద సక్కగనే చెప్పింది. నేనే చెరిపేస్తి." కొన్నాళ్లకు అవ్వ గుడిలో పాత కాలపు కథ ఒకటి విన్నది. వెంట్రుకకు గురి పెట్టినా తప్పని వడిసెల వీరులు ఒక గోత్రంలో ఉండేవారని, వాళ్లందరిదీ ఎడమ చేతి వాటమేనని పాస్టరయ్య చెప్పాడట. ఇంటికి వచ్చి అక్క ఎడమ చెయ్యి పట్టుకుని, "నాకు గొర్రెల సంగతి చెప్పిన్రు గాని గిది ఎవ్వలు చెప్పలే బిడ్డా" అని వెక్కి వెక్కి ఏడ్చింది.

"నీకు ఎడమ భుజానికి సరిపోయే తుపాకి చేస్తనక్కా, ఒక్కసారన్న సరిగ పట్టుకో" అని ఆ రోజే మాట ఇచ్చాను. నేను కుందాలు చెక్కడం నేర్చుకున్నది దానికోసమే. మొదటిది చేస్తుంటే, మంచిర్యాల నుంచి ఎడమ కన్ను పిల్ల ఒకతె వచ్చింది, పోటీ దగ్గర పడింది. అక్క ఫోను చేసి, "ఆ పిల్లకియ్యి. నాకేం పోటీలున్నయే, తొక్కులు పెట్టే పోటీనా?" అన్నది. రెండోదీ అట్లాగే పోయింది. ప్రతిసారీ ఎవరో ఒక పిల్ల, ప్రతిసారీ అక్క "పోనీ, ఇచ్చెయ్యి" అనడం. ఈలోపు షుగరు వచ్చింది. ముందు కాళ్లు పట్టింది, తరువాత కళ్లు. కుడి కన్ను కాస్త నిలిచింది. ఎడమ కన్ను పోయింది. రెండూ పోయినా ఇంత బాధ ఉండేది కాదు అనిపించిన రోజులున్నాయి, దేవుడు నన్ను క్షమించాలి.

ఇప్పుడు నా షెడ్డుకు ఏ పిల్ల వచ్చినా ముందు కన్ను చూస్తాను. ఒక్క నిమిషం పని. ఎడమ అని తేలితే కొందరు తల్లిదండ్రులు ఈనాటికీ, "మేడం, ఎడమ వద్దు, మెల్లగ మార్పియ్యరాదు?" అంటారు. అంతే, నాకు పూనకం వస్తుంది. బయట నడవమంటాను. ఇప్పటి పిల్లలకు మంచి తుపాకులున్నాయి, తెర మీద గుండు పడ్డ చోటు చూపే యంత్రాలున్నాయి, ఎవరి గుండు ఎవరిదో క్షణంలో తేలిపోతుంది. మా కాలంలో ఏమీ లేకపోయినా తెల్లవారకముందే రందా చప్పుడు ఉండేది, నవ్వుకోవడానికి అక్క భుజం ఉండేది. ఏది ఎక్కువ అంటే ఏం చెప్పను? అప్పుడు ప్రేమకు కొదవ లేదు. ఆ ప్రేమే ఆమె తల తిప్పి పట్టుకుంది.

కిందటి వానకాలం తుపాకి పూర్తయింది. అక్క కోసమే చేసింది, ఇక ఎవరికీ ఇవ్వనని తలుపు వేసుకుని చేశాను. మధ్యాహ్నం పూట తీసుకుపోయాను. మంచం మీద కూర్చోబెట్టి, అంతవరకూ అడగలేని మాట అడిగాను. "అక్కా, ఆనాడు నీ గుండ్లు నా అట్ట మీద పడ్డయని నీకు కోపం లేదా?" ఆమె నవ్వింది. "పిచ్చిదానా, నీ అట్ట మీద పడ్డయి గనుక బతికిన. పరాయిదాని మీద పడితే సచ్చిపోదును" అన్నది. తుపాకి ఎత్తి ఆమె ఎడమ భుజానికి ఆనించాను. ఎవరూ చెప్పకుండానే ఎడమ చెయ్యి పోయి తన చోట తాను అమరింది. తల కొంచెం వంచింది. చెంప కుందాలోకి దిగి నిలిచింది. మెడ సక్కగా ఉంది.

తరువాత మెల్లగా, "సుగుణా, మీకందరికి గిట్లనే ఉంటదానే?" అన్నది.

"ఏదక్కా?"

"తుపాకి. గింత అల్కగ ఉంటదా?"

అవును, తేలికగానే ఉంటుందన్నాను. దించుతానంటే వద్దన్నది. "జర సేపు ఉండనియ్యి" అన్నది. చూపు లేని ఎడమ కన్ను తెరిచి, చూపున్న కుడి కన్ను మూసుకుని, చెంప తీయకుండా అట్లాగే కూర్చుంది.